కావా హాల్లో లెక్కల క్లాసు

ఇనోకే మాస్టారు చర్చి బ్యాండుతో ఆక్లాండ్ వెళ్ళి తిరిగొచ్చిన రోజు మా దీవి పంగై రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం. బడికి కొత్త హాలు కట్టాలి, దానికి చందాలు కావాలి, అందుకు ఆ ప్రయాణం. మాస్టారు వేరే దీవి నుంచి వచ్చినవారు, ట్రంపెట్ వాయిస్తారు. మా ఆరో ఫారానికి లెక్కలు చెప్పేదీ ఆయనే. ఆయన లేని ఆ టర్మంతా మా క్లాసులో లెక్కల పీరియడు అంటే గడ్డి కోసే పీరియడు. కొబ్బరి మట్టలు ఏరాం, ప్రహరీకి సున్నం వేశాం, పందులు తవ్విన గుంటలు పూడ్చాం. రేవులో మాత్రం అందరితో పాటు మేమూ పాడాం. పాడకపోతే అమ్మలు ఊరుకోరు.

ఆ క్లాసులో మేం ముగ్గురం ఆడపిల్లలం. అకనేసి, మిలికా, నేను. నా పేరు ఫాటై. మాలో అకనేసికి లెక్కలంటే పిచ్చి. పొడగరి, మాట తక్కువ, కోపం వస్తే ఆ ఉన్న మాట కూడా ఆగిపోయేది. సోమవారం మాస్టారు క్లాసులోకి రాగానే నిన్నటి విందులో తిన్న పంది మాంసం గురించీ, ఆక్లాండ్ చలి గురించీ చెప్పి మగపిల్లల్ని నవ్వించారు. అకనేసి చెయ్యెత్తింది.

"సార్, పోయినేటి పేపర్లో సగం లెక్కలు మాకు చెప్పలేదు."

"చెప్పలేదా, మీరు వినలేదా?"

"మీరు లేరు సార్."

 మాస్టారు నవ్వుతూనే ఉన్నారు గానీ స్కేలు చేతిలోకి తీసుకున్నారు. "నేను షికారుకి వెళ్ళానా? మీ హాలు కోసం గొంతెండేలా వాయించి వచ్చాను. ఇంకేం కావాలి నీకు?"

"అవకలనం కావాలి సార్. త్రికోణమితి కూడా."

ఆయన ఆ పేపరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఉన్న పీరియడ్లలో ఇదంతా తెమలదన్నారు. పరీక్షలయ్యేదాకా ప్రతి శనివారం మధ్యాహ్నం అదనంగా చెప్తానన్నారు. మా ప్రాణాలు లేచొచ్చాయి. ఆ తర్వాత మాట విని ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"కావా హాలుకి వచ్చెయ్యండి. నేనెలాగూ అక్కడే ఉంటాను."

మాలో పెదనాన్న కొడుకైనా, మేనమామ కొడుకైనా, ముత్తవ్వ చెల్లెలి మునిమనవడైనా అన్నో తమ్ముడో అవుతాడు. బళ్ళో ఒక పక్క వాళ్ళు, ఒక పక్క మేం కూర్చుంటాం, దానికెవరికీ ఇబ్బంది లేదు. కావా హాలు సంగతి వేరు. అక్కడ మగవాళ్ళు చుట్టూ కూర్చుని కావా వేరు దంచి కలిపిన మత్తు నీళ్ళు తాగుతారు, మోటు హాస్యాలాడుకుంటారు, ప్రేమ పాటలు పాడతారు. అన్నదమ్ములు ఉన్న చోట అలాంటి పాట అప్పచెల్లెళ్ళ చెవిన పడడమే తప్పు. మా హాపై దీవుల్లో పుట్టిన ఏ పసిపిల్లనడిగినా ఈ సంగతి చెప్తుంది. ఇనోకే మాస్టారికి తెలియకపోవడమేమిటి.

"మేం అక్కడికి ఎలా వస్తాం సార్? మనాసే ఉంటాడు," అంది అకనేసి. మనాసే ఆమె పెదనాన్న కొడుకు, మాతోనే చదువుతున్నాడు.

"ఆచారం నేను పెట్టానా?"

"బళ్ళో చెప్పండి సార్."

"ప్రిన్సిపాల్ గారు చర్చి మహాసభకి రాజధాని వెళ్ళారు. శనివారం బడికి తాళం. మీకంత అవసరమైతే మగపిల్లల దగ్గర తీసుకుని రాసుకోండి." ఆయన బోర్డు వైపు తిరుగుతూ ఇంకో మాట అన్నారు. "అయినా అకనేసీ, చాప నెయ్యడానికి అవకలనం అక్కర్లేదు."

మగపిల్లలు నవ్వారు. మనాసే నవ్వలేదు, తల దించుకున్నాడు.  అకనేసి కూర్చుని పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది.

మొదటి శనివారం వాళ్ళు కావా హాలుకి వెళ్ళారు. మేం అకనేసి వాళ్ళ వంటింటి వెనక పాత పేపరు ముందేసుకుని కూర్చున్నాం. అందులో ఒక లెక్క పందుల దొడ్డి గురించి. అరవై మీటర్ల తీగ ఉంది, ఒక పక్క గోడ ఉంది, మిగిలిన మూడు పక్కలా తీగ కట్టాలి, ఎంత వెడల్పు పెడితే దొడ్డి అన్నిటికన్నా పెద్దదవుతుంది. అకనేసి ఒక్కో అంకె వేసి చూసింది. పది పెడితే నాలుగొందలు. ఇరవై పెట్టినా నాలుగొందలే. పదిహేను పెడితే నాలుగొందల యాభై.

"పదిహేనే. అటు జరిగినా తగ్గుతుంది, ఇటు జరిగినా తగ్గుతుంది," అంది.

"మరింకేం?" అంది మిలికా.

"ఇలా ఒక్కోటీ వేసి చూశానని రాస్తే మార్కులెవరిస్తారే? అవకలనంతో చెయ్యమని పేపర్లో ఉంది."

ఆదివారం చర్చి అయ్యాక మనాసే వాళ్ళమ్మ చేత ఒక కాగితం పంపించాడు. బోర్డు మీదున్నది ఉన్నట్టు దింపాడు పాపం. అరవైలోంచి నాలుగు ఎక్స్ తీసేస్తే సున్నా, కనుక ఎక్స్ పదిహేను. అంతే ఉంది. అకనేసి ఆ కాగితం నా ముందు పెట్టింది.

"ఈ నాలుగు ఎక్కణ్ణుంచి ఊడిపడిందే?"

"నాకేం తెలుసు."

"మనాసేకి తెలుసు. వాడు విన్నాడు. వాడి చెవిలో పడ్డ మాట కాగితం మీద లేదు." ఆమె కాగితాన్ని మడత మీద మడత పెట్టింది.  "బళ్ళో వాడికీ నాకూ మధ్య రెండడుగుల దూరం. ఆ మధ్యలో కావా గిన్నె పెట్టాడు ఆయన."

ఆ వారం మేం పాస్టరు గారిని చర్చి గది అడిగాం. చాపలు ఆరబెట్టారు, కుదరదన్నారు. అకనేసి వాళ్ళ నాన్న విలిసోనిని అడిగాం. ఆయన చేపల వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా, "మాస్టారికి ఎదురు చెప్పావటగా," అన్నాడు. బడి కమిటీ పెద్ద పేరు మైకోలో, మనాసే తండ్రి; ఆయన దగ్గరికీ వెళ్ళాం. ప్రిన్సిపాల్ ఊళ్ళో లేనప్పుడు బడి తాళంచెవి ఉండేది ఆయన దగ్గరే. "ఇద్దరు పిల్లల కోసం బడి తెరుస్తారా?" అన్నాడాయన.

"ముగ్గురం," అంది మిలికా.

"సరే, ముగ్గురు," అని తలుపు వేసుకున్నాడు.

రెండో శనివారం అకనేసి తలస్నానం చేసి, యూనిఫాం వేసుకుని, మాలో మర్యాదకి బట్టల మీద చర్చికి కట్టుకునే కొత్త చాప నడుముకి చుట్టుకుంది. స్కేలూ పెన్సిలూ చేతిలో పట్టుకుంది. ఎక్కడికే అంటే చెప్పలేదు. రోడ్డు మీద కావా హాలు వైపు తిరిగాక గానీ మాకు అర్థం కాలేదు. మిలికా నా చెయ్యి పట్టుకుంది.

"ఒసే, అన్నదమ్ములున్నారే లోపల."

"ఉన్నారు. అప్పచెల్లెలు లోపలికి వస్తే లేచి పోవలసింది ఎవరే?"

 జవాబు అందరికీ తెలిసిందే. మాలో ఆడపిల్ల పై మెట్టు, మగపిల్లాడు కింది మెట్టు. అయినా ఇబ్బందొచ్చే చోటికి మేమే వెళ్ళకుండా తప్పుకుంటాం. ఎప్పుడూ మేమే తప్పుకుంటాం కనక వాళ్ళు లేవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఆమె చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్ళి గోడవారన కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మేం గడప దగ్గరే ఉండిపోయాం. హాల్లో ఆ చివర కావా గిన్నె చుట్టూ పెద్దవాళ్ళు, ఈ చివర నల్లబోర్డు ముందు మగపిల్లలు ఉన్నారు. మాస్టారు కొబ్బరి చిప్పలో కావా పట్టుకుని మధ్యలో కూర్చున్నారు. గిటారు వాయిస్తున్నవాడు సగం పాటలో ఆపేశాడు. అందరికన్నా ముందు మనాసే లేచాడు. ఆమె వైపు చూడకుండా, వంగి, గోడకి ఆనుకుంటూ బయటికొచ్చాడు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక ఇంకా ఇద్దరు. క్లాసులో ఆమెకి ఏదో ఒక వరస కలవనివాడు లేడు. తర్వాత పెద్దవాళ్ళు లేవడం మొదలుపెట్టారు. గిటారు వాయిస్తున్నవాడు ఆమె నాన్నమ్మ చెల్లెలి మనవడు. రేవులో పడవలు కట్టేవాడు మేనమామ కొడుకు. ఒక్కొక్కరే చిప్ప కింద పెట్టి, దగ్గి, నడుం చాప సర్దుకుని బయటికి నడిచారు. కాసేపటికి ఆ హాల్లో ఇనోకే మాస్టారూ, ఏ వరసా లేని ఒక వవౌ దీవి ఆయనా మిగిలారు. ఆ వవౌ ఆయనకి ఏం జరుగుతోందో తెలియక ఇంకో చిప్ప ముంచుకున్నాడు.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు.

"పందుల దొడ్డి లెక్క సార్. నాలుగు ఎక్స్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండి."

"బయటికి నడువు."

"మీరు మా దీవి వారు కాదు సార్. నాకు అన్న కారు, తమ్ముడు కారు. మీరు లేవక్కర్లేదు, నేనూ లేవక్కర్లేదు. మీరు చెప్పొచ్చు, నేను వినొచ్చు."

మాస్టారి మొహం నల్లబడింది. ఆయన సుద్ద ముక్క బోర్డు కింద పడేసి, ట్రంపెట్ పెట్టె చంకన పెట్టుకుని, మమ్మల్ని తోసుకుంటూ వెళ్ళిపోయారు. అకనేసి చాలాసేపు అక్కడే కూర్చుంది. సగం చేసిన లెక్క బోర్డు మీద ఉంటే దాన్ని చూస్తూ కూర్చుంది.

బయట మనాసే కొబ్బరి చెట్టు కింద నిలబడి మట్టలు తంతున్నాడు. మమ్మల్ని చూసి నేల వైపు మాట్లాడాడు. "మాకూ పరీక్షే కదా. మా క్లాసు కూడా పోయింది."

"నీకు ఒక్క శనివారం పోయింది," అంది మిలికా. ఆ రోజు దాకా మిలికా ఎవరికీ అలా సమాధానం చెప్పలేదు.

ఆ సాయంత్రానికి ఊరంతా పొక్కింది. మర్నాడు పాస్టరు గారు ప్రసంగంలో పేరెత్తకుండా అకనేసినే తిట్టారు. భోజనాల దగ్గర చేమ ఆకుల పొట్లాలు విప్పుతూ ఆడవాళ్ళు, చదువు తలకెక్కితే ఇంతేనన్నారు. విలిసోని బెల్టు తీశాడు. మా ఇంటిదాకా వినిపించింది. మాస్టారి గుమ్మం ముందు, మాలో తప్పు ఒప్పుకునేవాళ్ళలా, చిరిగిన చాప కట్టుకుని తల వంచుకుని కూర్చోవాలనీ, ఆయన లెమ్మనేదాకా లేవకూడదనీ తీర్పు చెప్పాడు. వాళ్ళమ్మ మధ్యలోకి రాలేదు. "ఈ ఇంట్లో నేను కోడల్ని. నా మాటెవరు వింటారు? మీ అత్తకి కబురు పెట్టగలను, అంతే," అందట కూతురితో.

కబురు పెట్టింది. సోమవారం పొద్దున్నే సూలియా అత్త ట్రక్కు దిగింది. ఆవిడ విలిసోనికీ మైకోలోకీ అక్క. మాలో మేనత్తంటే ఇంటికి దేవత లెక్క. అన్నదమ్ముల ఇంట్లో ఆవిడ అడిగింది లేదనడానికి నోరు రాదు. అత్త వస్తే గట్టెక్కినట్టేనని మేం పరిగెత్తుకెళ్ళాం. వెళ్ళేసరికి అత్త అకనేసినే కడిగేస్తోంది.

"నా తమ్ముళ్ళ కొడుకుల్ని నలుగురిలో కుక్కల్లా లేపి పంపిస్తావా? ఎవరిచ్చారే నీకా పొగరు?"

అకనేసి వీపు గోడకి ఆనకుండా నిటారుగా కూర్చుంది. ఆనితే నొప్పి. "అందరినీ అడిగాను అత్తా. ఎవరూ గది ఇవ్వలేదు."

"నన్ను అడిగావా?"

"మీరూ ఆడవాళ్ళేగా. బడి సంగతిలో మీ మాట వింటారనుకోలేదు."

 అత్త తమ్ముడి వైపు తిరిగింది. "దీన్ని కొట్టింది నువ్వేనా?"

"మాస్టారికి అవమానం జరిగిందక్కా."

"నా మేనకోడల్ని కొట్టాలంటే నేను కొడతాను. నువ్వెవరివి?" విలిసోని తల వంచుకున్నాడు. "అసలు ఆ మాస్టారు ఏమన్నాడు? అన్నదమ్ములున్న కావా హాలుకి రమ్మని నోటితో పిలిచాడా?"

"పిలిచారు," అన్నాను నేను. నన్నెవరూ అడగలేదు. అయినా అన్నాను. "రాలేకపోతే మగపిల్లల దగ్గర రాసుకోమన్నారు. చాప నెయ్యడానికి లెక్కలెందుకన్నారు."

"చాప నెయ్యడానికా," అంది సూలియా అత్త. ఆవిడ హాపైలో పేరున్న నేతగత్తె. లేచి నిలబడింది. "మా పిల్లల్ని అన్నదమ్ముల మధ్యకి పిలిచింది వాడు. ఆచారం తప్పింది వాడు. చిరిగిన చాప ఎవడు కట్టుకోవాలి?"

 అత్త నేరుగా మైకోలో ఇంటికి నడిచింది. మేం వెనకే వెళ్ళాం. మైకోలో గుమ్మంలోకి వచ్చి చాప పరవబోయాడు.

"కూర్చోను. బడి తాళంచెవి ఇయ్యి."

"అక్కా, ప్రిన్సిపాల్ గారొచ్చాక..."

"నీ కొడుక్కీ పరీక్షే, నీ తమ్ముడి కూతురికీ పరీక్షే. చెవి."

ఆయన లోపలికెళ్ళి తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. అత్త అది నాకు గానీ అకనేసికి గానీ ఇవ్వలేదు, తన రొంటినే దోపుకుంది. పరీక్షలయ్యేదాకా మా ఊళ్ళోనే ఉంటాననీ, రోజూ బడి వదిలాక గది తానే తెరుస్తాననీ చెప్పింది. ఇనోకే మాస్టారు రాకపోతే ఆయన ఇంటి ముందుకొచ్చి కూర్చుంటానని కబురు పంపింది. మాస్టారు వచ్చారు.

వచ్చారు గానీ మా వైపు చూసేవారు కాదు. బోర్డుకి మొహం పెట్టి గొణుగుతూ రాసుకుపోయేవారు. ఒక పక్క మగపిల్లలు, ఒక పక్క మేం, గుమ్మంలో చాప ఈనెలు చీల్చుకుంటూ అత్త. అకనేసి ప్రతి వరసకీ చెయ్యెత్తేది.

"ఎందుకు సార్?"

ఆయన వినపడనట్టు రాసేవారు. అత్త ఈనె చీల్చడం ఆపేది. అప్పుడాయన ఆగి చెప్పేవారు. మొదట్లో విసుక్కుంటూ చెప్పారు. మూడో రోజో నాలుగో రోజో పందుల దొడ్డి లెక్క వచ్చింది. సుద్దతో బోర్డు మీద గుట్టలా ఒక గీత గీశారు.

"కొబ్బరికాయ పైకి విసిరావనుకో. పైకి పోయేటప్పుడు ఒక వేగం, కిందికి వచ్చేటప్పుడు ఒక వేగం. ఆ పైన, తిరిగే చోట? అక్కడ ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. సున్నా. నీ దొడ్డి అన్నిటికన్నా పెద్దగా ఉండేది ఆ చోటే. అందుకే వాలు సున్నా అని రాస్తాం. ఎక్స్ స్క్వేర్ వాలు రెండు ఎక్స్. ముందు రెండుంది కనక నాలుగు ఎక్స్."

మిలికా "ఓహ్" అంది. మగపిల్లల్లో ఒకడు కూడా అన్నాడు. శనివారం కావా హాల్లో వాళ్ళకీ ఇంత చెప్పలేదన్నమాట. ఎంత తేలిగ్గా ఉందో. ఎంత బాగా చెప్పాడో. నేను అకనేసి వైపు తిరిగాను, సంతోషిస్తుందని. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, దవడ బిగుసుకుపోయి ఉంది. గది బయటికొచ్చాక అంది.

"చెప్పడం చేతకాదనుకున్నానే. చేతకాకపోతే క్షమించేదాన్ని."

ఆ రోజు నుంచీ నాకూ అదే కోపం పట్టుకుంది. ఆ మనిషికి అన్నీ వచ్చు. ఒక్క గీత గీసి, ఒక్క కొబ్బరికాయ విసిరి మాకు దారి చూపించగలడు. అలాంటివాడు మమ్మల్ని ఒక టర్మంతా గడ్డికి వదిలేశాడు, పైగా నవ్వాడు.

పరీక్షలు రాశాం. త్రికోణమితి చివరి భాగానికి రోజులు చాలలేదు, దాన్ని వదిలేసి రాశాం. ఫలితాలు డిసెంబరులో ఓడలో వచ్చాయి. అకనేసికి దీవి మొత్తం మీద అందరికన్నా మంచి మార్కులు. మనాసే పాసయ్యాడు. నేను అంచు మీద గట్టెక్కాను. మిలికా తప్పింది. త్రికోణమితి రెండు ప్రశ్నలూ ఆమె ముట్టుకోనేలేదు.

చర్చిలో ప్రిన్సిపాల్ గారు ఫలితాలు చదివి, ఇంత మంది పాసవడానికి ఇనోకే మాస్టారు బడి వదిలాక చేసిన త్యాగమే కారణమన్నారు. మాస్టారు లేచి వంగి దండం పెట్టారు. సూలియా అత్త మా ముందు వరసలో కూర్చుని ఉంది. విసనకర్ర ఆపింది. తాను గది తెరిచిన సంగతి ప్రిన్సిపాల్ అననందుకు కాదు ఆవిడ కోపం. మిలికా పేరు చదవనందుకు. తప్పినవాళ్ళ పేర్లు చదవరు మరి.

మిలికా నాన్న ఆమెని బడి మాన్పించి రాజధానిలో పిన్నమ్మ ఇంటికి పనికి పంపిస్తానన్నాడు. అకనేసి ఆయన ఇంటికి వెళ్ళి, మళ్ళీ ఆరో ఫారం కూర్చోబెట్టండి, నేను చెప్తాను అని కూర్చుంది. ఆయన ఒప్పుకునేదాకా లేవలేదు. తనకి ఏడో ఫారానికి రాజధాని ఓడ ఎక్కడానికి జనవరి ఆఖరుదాకా గడువుంది. ఆ సెలవులంతా పొద్దున్నే పనులు ముగించుకుని మిలికా వాళ్ళ వసారాలో కూర్చునేది. నేనూ వెళ్ళేదాన్ని.

అకనేసి మంచి మాస్టారేమీ కాదు. కొబ్బరికాయలు విసరడం చేతకాదు. తప్పు చేస్తే కాగితం లాక్కునేది, గట్టిగా అరిచేది, మళ్ళీ మొదట్నుంచీ చెప్పేది. ఒకరోజు మిలికా పెన్సిలు కింద పెట్టేసింది.

"నా మీద ఎందుకే అరుస్తావు? నేనేం చేశాను?"

"నీ మీద కాదు."

"మరి ఎవరి మీద అరుస్తున్నావో వాళ్ళ దగ్గరికెళ్ళి అరువు. నాకు మెల్లగా చెప్పు."

 అకనేసి కాగితం మళ్ళీ మిలికా ముందు పెట్టింది. త్రిభుజం గీసి, మూడు మూలలకీ పేర్లు రాసింది.

"సరే. నీకు ఏం తెలుసో అక్కణ్ణుంచి మొదలుపెడదాం. ఈ కోణం ఎంత?"

"ముప్పై."

"ఎలా తెలిసింది?"

మిలికా చెప్పడం మొదలుపెట్టింది. సగంలో తడబడింది. అకనేసి పళ్ళు బిగించుకుని, నోరు మెదపకుండా, మిలికా దారి వెతుక్కునేదాకా కాచుకుని కూర్చుంది.